బరంపురం నుంచి బ్యాంకాక్‌కి: ఒంటరిగా ఒక్క రోజులో పాత ఊరు తిరగడం ఎలా

మా ముత్తాత గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం వెళ్ళాడట. రంగం అంటే రంగూన్. మన గంజాం జిల్లాలోనూ (బరంపురం అందులోదే), అటు శ్రీకాకుళంలోనూ రంగం వెళ్ళిన తాత కథ చాలా ఇళ్ళల్లో వినిపిస్తుంది. కాబట్టి "ఒక్కడివే పరాయి దేశమా?" అని ఇంట్లో ఎవరైనా కంగారు పడితే ముందు ఆ తాతని గుర్తు చేయండి. నేను అదే చేశాను. అమ్మ మెత్తబడలేదు గానీ అర కిలో కందిపొడి కట్టి ఇచ్చింది. అంటే ఒప్పుకున్నట్టే.

ఇక్కడ చెప్పేది ఐదు రోజుల ప్యాకేజీ గురించి కాదు. బ్యాంకాక్‌లో ఒక్క రోజు, నది ఒడ్డున ఉన్న పాత ఊళ్ళో, వీపున చిన్న సంచితో, ఎక్కువ భాగం కాలినడకన ఎలా తిరగాలో చెబుతాను. మాల్స్, పట్టాయా కావాలనుకునేవాళ్ళకి ఇందులో ఏమీ లేదు.

ఈ పనికి మన ఊరివాళ్ళకి ఒక సౌకర్యం ముందే ఉంది. బరంపురంలో పుట్టినవాడు ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, రైల్లో హిందీ మాట్లాడుతూ పెరుగుతాడు. బోర్డు ఒక లిపిలో, బేరం ఇంకో భాషలో. 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడదీసి మనల్ని ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచీ మన బతుకే అంత. అర్థం కాని మాటల మధ్య చెవి ఒగ్గి, తెలిసిన ముక్క దొరకబుచ్చుకుని, మిగతాది ఊహించుకోవడం మనకి కొత్త కాదు. బ్యాంకాక్‌లో ఆ విద్యే అక్కరకొస్తుంది.

ముందు కాగితాల పని

పాస్‌పోర్టుకి ఇంకా ఆరు నెలల గడువు ఉండాలి. అంతకన్నా తక్కువుంటే ఎయిర్‌లైన్ కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. వీసా నియమాలు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి. అందుకే ఎవరో స్నేహితుడు పోయినేడాది చెప్పింది నమ్మకండి. టికెట్ కొనే రోజున థాయ్ రాయబార కార్యాలయం సైట్ ఒకసారి చూసి, అప్పుడు డబ్బు కట్టండి.

2025 మే 1 నుంచి థాయిలాండ్ వెళ్ళే విదేశీయులందరూ డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి. ల్యాండ్ అయ్యే ముందు మూడు రోజుల లోపల, థాయ్ ఇమ్మిగ్రేషన్ వాళ్ళ సొంత సైట్లో నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. గూగుల్‌లో వెతికితే పైన కనబడే కొన్ని సైట్లు "సర్వీస్ చార్జి" అడుగుతాయి. డబ్బు అడిగారంటే తప్పు చోటికి వచ్చారని అర్థం.

మనవైపు నుంచి వెళ్ళడానికి రెండు దారులు. రాత్రి రైలెక్కి పొద్దున్నే హౌరాలో దిగి కోల్‌కతా నుంచి విమానం పట్టుకోవడం ఒకటి, వైజాగ్ నుంచి విమానం ఉన్న రోజుల్లో అటు వెళ్ళడం రెండోది. కోల్‌కతా నుంచి అయితే గాల్లో ఉండేది రెండున్నర గంటలే. రైల్లో మనం కటక్ దాటేలోపు వాళ్ళు దేశం దాటించేస్తారు. రైలుకీ విమానానికీ మధ్య కనీసం ఆరేడు గంటలు పెట్టుకోండి. మన రైళ్ళ సంగతి మీకు తెలియంది కాదు.

సంచి ఏడు కిలోలు దాటనివ్వకండి. అంతవరకూ చేతి సామానుగా పోతుంది. రెండు జతల బట్టలు, పల్చటి తువ్వాలు, చార్జరు, మందులు, గొడుగు. ప్యాంటు మోకాలు కప్పాలి, చొక్కా భుజం కప్పాలి, లేకపోతే గుళ్ళలోకి రానివ్వరు. చెప్పులు చిటుక్కున విప్పి చిటుక్కున తొడుక్కునేవి అయ్యుండాలి, రోజుకి పదిసార్లు విప్పాలి మరి. ఊరగాయ మాత్రం వద్దు. చేతి సంచిలో నూనె కారే సీసా కనిపిస్తే సెక్యూరిటీ దగ్గర గొడవ. పొడి అయితే ఏ బాధా లేదు.

డబ్బు గురించి క్లుప్తంగా చెబుతాను. భాట్ ఒకటికి మన డబ్బుల్లో రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య. అక్కడి ఏటీఎంలు విదేశీ కార్డు పెడితే ప్రతిసారీ 200 భాట్లకి పైనే చార్జి తీసుకుంటాయి, కాబట్టి చిన్న చిన్న మొత్తాలు తీయకండి. సువర్ణభూమి విమానాశ్రయంలో బయటికి రాగానే కనిపించే కౌంటర్ల దగ్గర మార్చొద్దు. కింద రైలు స్టేషన్ ఉన్న అంతస్తుకి దిగండి, అక్కడి చిన్న కౌంటర్లలో రేటు మెరుగ్గా ఉంటుంది.

బస ఎక్కడ

సామ్‌యోత్ అనే మెట్రో స్టేషన్ చుట్టుపక్కల హాస్టల్ చూసుకోండి. ఖావ్‌సాన్ రోడ్డు పేరు చాలామంది చెబుతారు. అక్కడ రాత్రి రెండింటి దాకా పాటలు, తెల్లారి లేవలేరు. మన రోజు మొదలయ్యేదే తెల్లవారుజామున. హాస్టళ్ళలో ఆడవాళ్ళకి విడిగా డార్మ్ గదులుంటాయి. మా పిన్ని కూతురు మరుసటేడాది ఒక్కతే వెళ్ళి అలాంటి దాంట్లోనే దిగింది.

విమానాశ్రయం కింది నుంచి ఎయిర్‌పోర్ట్ రైలెక్కి మక్కసాన్‌లో దిగండి. అక్కడి నుంచి వంతెన మీదుగా నడిస్తే ఫెచ్చబురి మెట్రో వస్తుంది. అక్కడ నీలం లైను ఎక్కితే సామ్‌యోత్‌కి నేరుగా చేరతారు. టాక్సీవాడితో బేరం అక్కర్లేదు. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోవడం మర్చిపోకండి.

పడుకునే ముందు ఊరి పేరు చదవండి

ఇది గైడు పుస్తకాల్లో ఉండదు. కానీ నా రోజంతా మారిపోయింది దీనివల్లే.

థాయ్ వాళ్ళు తమ రాజధానిని బ్యాంకాక్ అనరు, క్రుంగ్ థేప్ అంటారు. 1782లో మొదటి రామ రాజు కట్టించిన ఈ నగరం పూర్తి పేరు ఒక శ్లోకమంత పొడుగు. ప్రపంచంలోకెల్లా పొడవైన ఊరి పేరని గిన్నిస్ పుస్తకంలో కూడా ఎక్కింది. వాళ్ళ నోట వింటే ఏమీ అర్థం కాదు. కానీ దాని వెనకున్న మాటలు మన అక్షరాల్లో పేర్చి చూడండి: మహానగర, అమర రత్నకోశేంద్ర, మహేంద్ర అయోధ్య, మహాతిలక భవ, నవరత్న రాజధానీ పురీరమ్య, ఉత్తమ రాజనివేశన మహాస్థాన, అమర విమాన అవతార స్థిత, శక్రదత్తీయ విష్ణుకర్మ ప్రసిద్ధి. ఇంద్రుడు ఇచ్చిన, వాళ్ళు విష్ణుకర్మ అనే మన విశ్వకర్మ కట్టిన ఊరట. మా వీధిలో పౌరోహిత్యం చేసే మావయ్యకి ఇది ఫోన్లో చదివి వినిపిస్తే, "ఏ గుడి సంకల్పం రా ఇది?" అన్నాడు.

ఇక కిటుకు. మన గ వాళ్ళ నోట్లో ఖ అవుతుంది, ద కాస్తా థ, బ కాస్తా ఫ, జ కాస్తా చ. మాట చివర్లో ర వస్తే న అని పలుకుతారు. నగర అన్నది నఖాన్, దేవ అన్నది థేప్, జయ అన్నది చై. ఆహారం ఆహాన్, భాష ఫాసా. పలకరింపు మాట సవత్‌దీ మన స్వస్తి నుంచి వచ్చింది. ఏప్రిల్ 13 నుంచి నీళ్ళు చల్లుకునే సొంగ్‌క్రాన్ పండగ మన సంక్రాంతే, సరిగ్గా ఒడియా వాళ్ళ పణా సంక్రాంతి రోజుల్లోనే. రాత్రి మ్యాపు ముందేసుకుని ఒక పావుగంట ఈ ఆట ఆడండి. పొద్దున స్టేషన్లలో అనౌన్స్‌మెంట్లు వినబడుతుంటే సగం మాటలు ఎక్కడో విన్నట్టే ఉంటాయి.

ఐదున్నరకి పూలబజారు

అలారం ఐదుకి పెట్టి లేవండి. సామ్‌యోత్ నుంచి పాక్‌ఖ్లోంగ్ తలాత్ పూలబజారుకి పావుగంట నడక. రోజంతా, రాత్రంతా తెరిచే ఉంటుంది గానీ తెల్లవారుజామున చూడాలి దాన్ని. బంతిపూలు మోకాలెత్తు గుట్టలు. తామర మొగ్గలు కట్టలు కట్టి ఐసు మీద. ఆడవాళ్ళు ముక్కాలి పీటల మీద కూర్చుని మాలలు కడుతుంటారు. దగ్గరికి వెళ్ళి చూస్తే మల్లెమొగ్గల మధ్యలో తెల్లగా మెరిసేవి జిల్లేడు పూలు! మనం వినాయకుడికి పెట్టే జిల్లేడే. వాళ్ళు దాన్ని దోక్ రక్ అంటారు, అంటే ప్రేమపువ్వు. పెళ్ళి దండల్లో కూడా గుచ్చుతారు. మన దగ్గర పెళ్ళిదండలో జిల్లేడు పెడితే మగపెళ్ళివారు లేచి వెళ్ళిపోతారు.

ఒక చిన్న మాల కొనుక్కోండి, తర్వాత గుళ్ళో పనికొస్తుంది. ఆరు దాటాక కాషాయం కట్టిన భిక్షువులు చెప్పుల్లేకుండా పాత్రతో వస్తారు. దూరంగా నిలబడి చూడండి. మొహం మీద ఫోన్ పెట్టి ఫోటో తీయొద్దు. ఆడవాళ్ళు భిక్షువులకి తగలకూడదు, చేతికి ఏదీ నేరుగా అందించకూడదు.

టిఫినుకి బజారు అంచున బండ్ల మీద వేడి సోయాపాలు, పాతోంగ్‌కో దొరుకుతాయి. పాతోంగ్‌కో మన మైదా బోండాకి పొడుగాటి తమ్ముడు. రెండు తింటే పదింటి దాకా ఆకలి వేయదు.

నేను వెళ్ళింది శనివారం. శనివారం నీచు ముట్టనని అమ్మకి మాటిచ్చాను. మీరూ అలాంటివాళ్ళే అయితే రెండు మాటలు కంఠతా పట్టండి. ఒకటి మాంగ్‌సవిరత్. గట్టిగా, మెల్లిగా పలికి చూడండి: మాంస విరతి. అంతే, శాకాహారం. రెండోది జే. ఇది ఇంకా నిష్ఠ, ఇందులో ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కనిపించిన కొట్టు జే కొట్టు. మామూలు కొట్టులో కూరగాయలే చూపించి వండమన్నా చేపల నుంచి తీసిన ఉప్పటి రసం, నామ్ ప్లా, ఒక చుక్క వేసేస్తారు, వాళ్ళకి అది ఉప్పుతో సమానం. "మై సై నామ్ ప్లా" అంటే అది వేయొద్దని.

ఎనిమిదికి వాత్ ఫో, ఆ తర్వాత ఏరు దాటడం

వాత్ అంటే గుడి. తలుపులు తెరిచే వేళకి వాత్ ఫో గుమ్మం దగ్గర ఉండండి. టికెట్ 300 భాట్లు. తొమ్మిదిన్నర దాటితే టూరిస్టు బస్సులు దిగుతాయి, ఇక పడుకున్న బుద్ధుణ్ణి చూడాలంటే ముందున్నవాళ్ళ తలలు చూడాలి. బొమ్మ పొడవు 46 మీటర్లు, ఎత్తు 15. అందరూ మొహం దగ్గర ఆగుతారు. మీరు పాదాల దగ్గర ఆగండి. అరికాళ్ళ మీద ముత్యపుచిప్పతో పొదిగిన 108 మంగళ చిహ్నాలు ఉంటాయి. వెనక వైపు గోడ వెంట 108 కంచు గిన్నెలు వరసగా ఉంటాయి. చిల్లర కొని ఒక్కో నాణెం వేసుకుంటూ నడవాలి. ఆ టంగు టంగు శబ్దం హాలంతా గజ్జెలు కట్టినట్టు మోగుతుంది.

హడావుడిగా బయటికి రాకండి. ఆవరణలో రాతి గుట్టల మీద ఒళ్ళు విరుచుకుంటున్న మునుల బొమ్మలుంటాయి. వాటి పేరులోని రుసీ మన ఋషే. థాయ్ మర్దనా విద్యకి ఈ గుడే పెద్ద బడి. ఆ విద్యకి మూలపురుషుడిగా వాళ్ళు మొక్కేది బుద్ధుడి కాలం నాటి మన వైద్యుడు జీవకుడికి. కాళ్ళు నొప్పులుంటే లోపలే మర్దన చేయించుకోవచ్చు. నేను చేయించుకోలేదు, పొద్దున్నే అంత సుఖం అలవాటైతే మిగతా రోజు నడవలేం.

గుడి నుంచి బయటికి వచ్చి నది వైపు నడిస్తే థా తియెన్ రేవు. అయిదు భాట్లిస్తే పడవ అవతలి ఒడ్డున వాత్ అరున్ దగ్గర దింపుతుంది. ఎక్కేముందు ఈ కథ తెలుసుకోండి. ఇటు గుడికీ అటు గుడికీ కాపలా రాక్షసులున్నారు. వాత్ ఫో రాక్షసుడు అవతలివాడి దగ్గర అప్పు చేసి ఎగ్గొట్టాడట. వాడు ఏరు దాటి వచ్చి అడిగాడు. ఇద్దరూ కలబడితే మధ్యలో ఉన్న చెట్లూ చేమలూ నుగ్గునుగ్గై నేల బోడిగా మిగిలింది. ఆ బోడి రేవే థా తియెన్. నాకు చీటీ డబ్బులు ఎగ్గొట్టినవాడు మా వెనక వీధిలోనే ఉంటాడు, అందుకని ఈ కథ బాగా నచ్చింది.

వాత్ అరున్ అంటే అరుణుడి గుడి. టికెట్ 200. జేబులో పాత పది భాట్ల నాణెం ఉంటే తీసి చూడండి, దాని మీదున్నది ఈ గోపురమే. దూరానికి రాతి చెక్కడంలా ఉంటుంది. దగ్గరికి వెళితే పింగాణీ పళ్ళేల ముక్కలు, పూలుగా అతికించినవి. గుమ్మం దగ్గర ఆకుపచ్చ రంగులో నిలబడ్డవాడి పేరు తోత్సకాన్. పలికి చూసుకోండి. దశకంఠుడు! మన రావణుడే ఇక్కడ గుడికి కావలి కాస్తున్నాడు. పక్కన తెల్లగా ఉన్నవాడు సహస్రతేజుడు. అద్దెకి థాయ్ దుస్తులు తొడుక్కుని ఫోటోలు దిగేవాళ్ళు మెట్లన్నీ ఆక్రమించి ఉంటారు, విసుక్కోకుండా పక్కనుంచి వెళ్ళిపోండి.

మరి గ్రాండ్ ప్యాలెస్ సంగతేంటని అడుగుతారు. 500 భాట్లు, మూడున్నరకి టికెట్లు ఆపేస్తారు, లోపల జనసముద్రం. రామకథ మొత్తం 178 గోడచిత్రాల్లో ఉంది. దానికి విడిగా ఒక పూట ఇవ్వాలి. ఒక్క రోజే ఉన్నవాళ్ళు దాన్ని ఇంకో ప్రయాణానికి వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం.

ప్యాలెస్ గోడ పక్కన నడుస్తుంటే మాత్రం ఒక జాగ్రత్త. చక్కటి ఇంగ్లీషులో ఒకాయన పలకరించి, "ఇవాళ ప్యాలెస్ మూసేశారు, ప్రత్యేక పూజ. టుక్‌టుక్‌లో నాలుగు గుళ్ళు చూపిస్తాడు, ఇరవై భాట్లే" అంటాడు. టుక్‌టుక్ అంటే అక్కడి ఆటో. నేను ముందురోజు సాయంత్రం ఎక్కాను. ఒక గుడి చూపించి, తర్వాత బట్టల కొట్టుకి తీసుకెళ్ళాడు. "ప్యూర్ థాయ్ సిల్క్" అని ఒక తాను ముందు పరిచారు. మా నాన్న మగ్గం మీద చెప్పిన మొదటి పాఠం, బట్టని ముందు తిరగేసి చూడమని. తిరగేశాను. అంచులోంచి ఒక పోగు లాగి, కాల్చి చూడొచ్చా అని అడిగాను. అసలు పట్టు అయితే జుట్టు కాలిన వాసన వచ్చి బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలియెస్టర్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది. అగ్గిపెట్టె అడిగేసరికి వాళ్ళకి హఠాత్తుగా కొట్టు కట్టేసే టైమ్ అయింది. టుక్‌టుక్ వాడు కూడా మాయం. రెండు కిలోమీటర్లు నడిచాను. మీరు మొదటి మాటకే నవ్వి, "ఖొప్ ఖున్ ఖ్రాప్" అని నడుచుకుంటూ పొండి. ఆడవాళ్ళయితే చివర ఖ్రాప్ బదులు ఖా.

మిట్టమధ్యాహ్నం: ఫహురత్

వాత్ అరున్ రేవులో నారింజ జెండా పడవ ఎక్కండి. ఎంత దూరమైనా 16 భాట్లు. కండక్టరమ్మ చేతిలో రేకు గొట్టం పట్టుకుని టకటకలాడిస్తూ వస్తుంది. అందులోనే చిల్లరా, టికెట్లూ. వెనక నిలబడ్డ కుర్రాడు ఈల వేస్తూ పడవని రేవుకి ఆనిస్తాడు. పూర్తిగా ఆగదు, ఆగీ ఆగనట్టున్నప్పుడే దిగాలి. సఫాన్ ఫుత్ వంతెన దగ్గర దిగి పది నిమిషాలు నడిస్తే ఫహురత్.

ఇది నా రోజులో నడిబొడ్డు. చేనేత ఇంటివాళ్ళు, బట్టల వ్యాపారం వాళ్ళు ఇక్కడ రెండు గంటలు పెట్టుకోండి. ఆ పేరు వెనక ఒక బాధ ఉంది. వెనకటి థాయ్ రాజు చులాలోంకోర్న్ కూతురు, బహురత్ అనే రాకుమారి, చిన్నతనంలోనే పోయింది. ఆమె పేర ఉన్న సొమ్ముతో ఈ రోడ్డు వేయించారు. ఇప్పుడు అది బట్టల బజారు: సందుల మధ్య సందులు, తానుల గుట్టలు, నాట్యానికి వేసుకునే మెరుపు బట్టలు, పెళ్ళి చీరలు. బంగారు గోపురంతో సిక్కుల గురుద్వారా. అగరొత్తుల వాసన, సమోసా వాసన. మన పెద్దబజారు వెనక సందుల్లోకి వచ్చేశామా అనిపించింది.

ఒక కొట్టు ముందు నిలబడి చీర అంచు తిరగేసి చూస్తుంటే, తలపాగా పెద్దాయన హిందీలో అడిగాడు, "ఎక్కణ్ణుంచి బేటా?"

"ఒడిశా, అంకుల్‌జీ."

"ఒడియావా?"

"కాదండీ, తెలుగు."

ఆయన నవ్వాడు. "ఒడిశాలో తెలుగువాడివి, బ్యాంకాక్‌లో పంజాబీవాణ్ణి. కూర్చో, చాయ్ తాగు."

ఫోన్లో మా ఇంటి బరంపురం పట్టు చూపించాను, కుంభం అంచుది. వేలితో పెద్దది చేసి చూసి, అంచులో ఎన్ని పోగులు, ఎన్ని రోజులు పడుతుంది, ఇప్పుడు మగ్గం మీద ఎవరు కూర్చుంటున్నారని అడిగాడు. చివరి ప్రశ్నకి నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. నేను కూర్చోవడం లేదు కాబట్టి. చాయ్ డబ్బులు తీసుకోలేదు, బట్ట కొనమని ఒక్కసారి కూడా అనలేదు.

ఇలాంటివి ముందుగా ప్లాన్ చేసుకోవడం కుదరదు. కానీ కుదిరేలా చేసుకోవచ్చు. గుంపులో వెళితే ఎవరూ పలకరించరు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటే అసలు పలకరించరు. కొట్టువాళ్ళకి గిరాకీ తక్కువుండేది మధ్యాహ్నం పూట, మీకు ఎండ తప్పించుకోవాల్సింది కూడా అప్పుడే. వాళ్ళు చేసే పని గురించి ఒక ప్రశ్న అడిగి ఆగండి. భోజనం అక్కడే కానివ్వండి, రొట్టె, పప్పు ఎక్కడైనా దొరుకుతాయి.

మూడు దాటాక: ఊయల, కొండ

ఎండ తగ్గాక ఉత్తరం వైపు నడవండి. ఆకాశంలో ఎర్ర స్తంభాలు రెండు, పైన అడ్డదూలం. అదే సావ్ చింగ్‌ఛా, మహా ఊయల. ఒకప్పుడు ఇక్కడ శివుడి పేర ఊయల వేడుక జరిగేది. మనుషులు ఊగుతూ ఎత్తున కట్టిన డబ్బు సంచిని పళ్ళతో అందుకునేవారు. ప్రమాదాలు జరిగేవి, 1935లో ఆపేశారు. మనకి అట్లతద్దికి, ఒడియా వాళ్ళకి రొజో పండక్కి కట్టే ఊయలని తాటిచెట్టంత చేసి ఊహించుకోండి. పక్కనే 1784లో కట్టిన చిన్న తెల్ల గుడి దేవస్థాన్. శివుడికి, గణపతికి, నారాయణుడికి వేర్వేరు గుళ్ళు. రాజుగారి ఇంటి క్రతువులు చేయించే బ్రాహ్మలు ఇక్కడివాళ్ళే. పొద్దున కొన్న మాల నేను గణపతి ముందు పెట్టాను. జిల్లేడు ఉంది కదా, సరైన చోటికే చేరింది.

ఎదురుగా వాత్ సుథాత్, అంటే సుదర్శన. లోపల పాత రాజధాని సుఖోథై నుంచి, మన మాటల్లో సుఖోదయం నుంచి, తెచ్చిన కంచు బుద్ధుడు. పేరు శ్రీ శాక్యముని. 100 భాట్లు. కాళ్ళకి విశ్రాంతి కావాలంటే ఇంతకన్నా చల్లటి చోటు దొరకదు. కూర్చునేటప్పుడు పాదాలు విగ్రహం వైపు చాపకండి, వెనక్కి మడుచుకోండి. బయట రోడ్డు పొడవునా పూజా సామాను కొట్లు, ప్లాస్టిక్ చుట్టిన బుద్ధులు ఫుట్‌పాత్ మీద బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు వరసగా కూర్చుని ఉంటారు.

నాలుగున్నర, అయిదు మధ్య ఫూ ఖావ్ థోంగ్ కొండ ఎక్కండి, 100 భాట్లు. పేరుకి బంగారు కొండ గానీ మనుషులు పోసిన గుట్టే. పాత రెండు భాట్ల నాణెం మీదున్నది ఇదే. మెట్లు 344, చుట్టూ తిరుగుతూ పోతాయి కాబట్టి పెద్దవాళ్ళు కూడా ఎక్కేస్తారు. దారిలో గంటలు కొట్టుకుంటూ పోవచ్చు. పైన స్తూపంలో మన దేశం నుంచి వెళ్ళిన బుద్ధధాతువులు, అంటే బుద్ధుడి అస్థికలు, ఉన్నాయి. 1898లో ఉత్తరప్రదేశ్‌లోని పిప్రాహ్వా తవ్వకాల్లో దొరికినవాటిలో కొంత భాగం అప్పటి బ్రిటిష్ ప్రభుత్వం సియాం (థాయిలాండ్ పాత పేరు) రాజుకి ఇచ్చింది. పొద్దున్నుంచీ మీరు నడిచిన దారంతా పైనుంచి కనిపిస్తుంది, నది ఒక్కటి తప్ప. దాన్ని ఇళ్ళు మింగేశాయి.

సూర్యాస్తమయం దాకా ఆగాలనిపిస్తుంది. వారాంతంలో కాలువ పడవలు తొందరగా ఆగిపోతాయి, అందుకని ఆరుకల్లా కిందికి దిగండి. సరిగ్గా ఆరింటికి పార్కుల్లో, స్టేషన్లలో జాతీయగీతం వేస్తారు. అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోతారు, మీరూ ఆగండి. పొద్దున ఎనిమిదికీ అంతే. ఇంకో మాట: రాజుగారి గురించి జోకులు, వ్యాఖ్యలు ఏ భాషలోనూ వద్దు. అక్కడ అది జైలుకి పంపే నేరం.

చివరి పడవ

కొండ కింద ఫన్‌ఫా రేవులో సేన్‌సేప్ కాలువ పడవ మొదలవుతుంది. నది పడవ పెద్దమనిషి అయితే ఇది మన టౌన్ బస్సు. నీళ్ళు నల్లగా, కాస్త కంపు. వేగం మాత్రం గోపాలపురం బీచ్ రోడ్డు మీద ఆటోలాంటిది. ఎదురుగా ఇంకో పడవ వస్తే అంచున కూర్చున్నవాళ్ళు తాడు లాగి టార్పాలిన్ పైకెత్తుతారు. మీరు అంచున కూర్చుంటే ఆ డ్యూటీ మీదే, నోరు మూసుకుని లాగండి. నిజంగానే నోరు మూసుకోండి, నీళ్ళు చిమ్ముతాయి. హెల్మెట్ పెట్టుకున్న కండక్టర్ పడవ అంచు మీద నడుస్తూ టికెట్లు ఇస్తాడు.

ప్రతూనామ్‌లో దిగి ఇంకో పడవ మారాలి. ఆ తర్వాత చెవులు రిక్కించండి, దిగాల్సింది అసోక్‌లో. నేను ఆ పేరు విని నవ్వుకున్నాను. జౌగఢలో, మన ఊరికి గంట దూరంలో, ఋషికుల్యా ఒడ్డున బండ మీద అశోకుడి శాసనం ఉంది. స్కూల్లో పిక్నిక్‌కి తీసుకెళ్ళారు. అందరం బండ పక్కన కూర్చుని పులిహోర తిన్నాం గానీ శాసనం ఎవరూ చదవలేదు. ఈ అసోక్ ఆ చక్రవర్తి కాదు. అశోక్ మంత్రి అనే బిరుదున్న థాయ్ ఉద్యోగి పేర వేసిన రోడ్డు. అయినా చీకట్లో, నీళ్ళ మీద, కండక్టర్ "అసోక్, అసోక్" అని అరుస్తుంటే మా ఊరి స్టాపు వచ్చినట్టే లేచాను.

రేవు ఎక్కితే పక్కనే ఫెచ్చబురి మెట్రో. అక్కణ్ణుంచి సామ్‌యోత్‌కి తెలిసిన దారే. ఖర్చు లెక్క వేసుకుంటే టికెట్లకి 700, పడవలు, మెట్రో, తిండి కలిపి ఇంకో 400 భాట్ల లోపు. మొత్తం మన మూడు వేల రూపాయల చుట్టుపక్కల. తగ్గించుకోవాలంటే వాత్ సుథాత్‌ని బయటినుంచి చూడండి. పూలబజారు, ఊయల, ఫహురత్ ఎలాగూ ఉచితమే.

హాస్టల్ దగ్గర ఏదో ఒక అన్నం బండి ఉంటుంది. "ఖావ్ ప్లావ్" అనండి, అంటే ఉత్తి అన్నం. కవర్లో కట్టిస్తారు. పైకి తీసుకెళ్ళి కందిపొడి కలుపుకోండి. నెయ్యి ఉండదు, సర్దుకోవాలి. తినేముందు ఫోటో తీసి ఇంటికి పంపండి. అక్కడ మనకన్నా గంటన్నర వెనక, అమ్మ ఇంకా పడుకుని ఉండదు.